దోనె నేర్చుకున్న బరువు

కార్తీక శుద్ధ విదియ

గూడబాతుల లంకకు ఉత్తరాలు, మందులు చేరవేసి తిరిగి వచ్చాను. దారి పొడుగునా గెడకు నేల అందుతూనే ఉంది. మునిగిపోయిన రైలుకట్ట దాటాక ఒక చోట మాత్రం అందలేదు, అక్కడ తెడ్డు వేసుకుంటూ వచ్చాను. నేతగడ్డి ఒత్తుగా, పచ్చగా ఉంది. ఎక్కడి నుంచో ఒక ప్లాస్టిక్ డ్రమ్ము కొట్టుకొస్తే నాలుగు వైపులా అల్లుకుని, నా కళ్ళముందే మెల్లగా కిందికి లాక్కుంది. నీళ్ళలో చెత్తనూ ఇనుమునూ పట్టుకోమని పుట్టించిన గడ్డి ఇది. దానికి డ్రమ్ముకూ మోటారు పడవకూ తేడా తెలియదు. చెక్క తగిలితే పక్కకు తప్పుకుంటుంది. ఆ చెక్క కూడా జానెడుకు మించి లోతు దిగితే చుట్టేస్తుంది. అందుకే తాటి దోనె, అందుకే దోనెకు ఒక్క మనిషి.

ఇవన్నీ కాలువల ఆఫీసు వారైన మీకు తెలియనివి కావు. అయినా దినచర్య పుస్తకంలో దారి సంగతి ముందు రాయాలని మీ నియమం కాబట్టి రాశాను. చివర 'ఒంటి సంగతి' కూడా రాయమంటారు. జ్వరం లేదు, దగ్గు లేదు. కుడి మోకాలు ఎప్పటిలాగే సతాయిస్తోంది. కడుపులో మంటగా ఉంది. అది తిన్నదానివల్ల వచ్చింది కాదు.

గట్టు మీదికి వచ్చేసరికి పెద్దిరాజు మావ షెడ్డులో బాడిస దెబ్బలు వినబడుతున్నాయి. పెద్దిరాజు మావ మా అమ్మ తమ్ముడు. మా కైకలూరు స్టేషను గట్టు మీద దోనెలు చెక్కేది ఆయనే. నేను ఎక్కే దోనె ఆయన చెక్కిందే. ఉప్పునీళ్ళు లోపలికి వచ్చాక తాడిచెట్లన్నీ మొదలంటా చచ్చిపోయాయి. ఎత్తు దిబ్బ మీద చేవదేరిన తాడి ఒక్కటి మిగిలింది. అది నా కోసమే మిగిలిందని నేను ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నాను. నేనే కాదు, గట్టు మీద అందరూ అలాగే అనుకున్నారు.

ఆ తాడిని ఇప్పుడు కెజియా కోసం చెక్కుతున్నారు.

కెజియా ఉప్పుటేరు నోటి దగ్గర సిమెంటు దిమ్మల మీద కట్టిన దిమ్మల పట్నం నుంచి వచ్చిన పిల్ల. పిల్ల అంటున్నాను గానీ ముప్పై ఉంటాయి. అక్కడ గదిలో నేల మీద మోకరించి, గోడ మీద కదిలే నీళ్ళ బొమ్మ చూస్తూ తెడ్డు వేయడం నేర్చుకుందట. ఇక్కడికి వచ్చిన కొత్తలో నా వెనక ఎవరిదో అరువు దోనెలో వస్తూ రైలుకట్ట చేరకముందే వాంతి చేసుకుంది. అలాంటి మనిషికి ఆ తాడి. నాకు నవ్వు రావాలి. రాలేదు.

శుద్ధ చవితి

దారికి వెళ్ళలేదు. నా దోనెకు జీడినూనె పట్టించాను. గుగ్గిలం కాచి పగుళ్ళలో పోశాను. ముసలిదైపోయింది పాపం. నీళ్ళు తాగి తాగి బరువెక్కింది, పైగా కొన్నేళ్ళుగా ఎడమకు ఒరుగుతోంది. కుడి పక్కన మంచినీళ్ళ కూజా పెట్టుకుంటే గానీ నిలకడగా ఉండదు.

ఆ పని అయ్యాక, మనసు ఊరుకోక షెడ్డుకు వెళ్ళాను. దోనెకు నోరు తెరిపిస్తున్నారు. తొలిచిన మాను నిండా సలసల కాగే నీళ్ళు పోసి, మెత్తబడ్డ చెక్కను అడ్డకర్రలతో వెడల్పు చేస్తారు. తొందరపడితే మాను నిలువునా చీలుతుంది. పెద్దిరాజు మావ ఒక కొస, కెజియా ఒక కొస పట్టుకున్నారు. నన్ను చూసి మావ, "వచ్చావా, ఆ అడ్డకర్ర అందుకో" అన్నాడు. నా మోకాలు నొప్పిగా ఉందని చెప్పి గుమ్మంలోనే నిలబడ్డాను.

మావ వేలి కణుపుతో చెక్క మీద కొట్టి వినమన్నాడు. కెజియా చెవి ఆనించి విన్నది. ఎక్కడ మందంగా ఉంది, ఎక్కడ ఇంకా చెక్కాలి అన్నది ఆ చప్పుడులో తెలుస్తుందట. నాకు ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఇరవై ఏళ్ళకు దగ్గరగా ఆయన చేసిన దోనె మీద తిరుగుతున్నాను. తుఫానుల్లో తిరిగాను, ఉప్పుటేరు నోటిదాకా ఒంటరిగా వెళ్ళివచ్చాను. ఆ చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలియదు.

కెజియా అరచేతులు చూశాను. వానాకాలం మొదట్నుంచీ బాడిస పట్టి బొబ్బలు కాయలైపోయాయి. "అక్కా, మీ దోనెకు మందం ఎక్కడ ఎక్కువుంది? నేను ఒకసారి కొట్టి చూడొచ్చా?" అని అడిగింది. నా దోనె కట్టు తీయడానికి వీల్లేదని చెప్పాను. అది కట్టి కూడా లేదు, ఇసుక మీద బోర్లా ఉంది. ఆ పిల్ల తల ఊపి మళ్ళీ పనిలో పడింది. దానికి కోపం కూడా రాలేదు. అదొకటి నాకు గిట్టదు.

ఒంటి సంగతి: కుళ్ళు. మీ కాగితంలో ఈ జబ్బుకు గడి లేదు, ఖాళీలో రాస్తున్నాను.

శుద్ధ షష్ఠి

గూడబాతుల లంకకు విత్తనాలు, ఉత్తరాలు, కంటి మందు. పోయేటప్పుడు గాలి లేదు. రైలుకట్ట దాటాక తెడ్డు ఆపి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఇది మీకు రాయాల్సిన పని లేదు, అయినా రాస్తాను. ఆ చోట మనిషి గొంతు వినబడదు. కొంగలు కూడా దూరంగా ఉంటాయి. దోనె కింద గడ్డి పక్కకు తప్పుకునే చప్పుడు ఒక్కటే ఉంటుంది, ఎవరో నిద్రలో పక్కకు తిరిగినట్టు. మొగుడు పోయిన ఏడాది నేను మనిషిగా మిగిలింది ఆ చోట కూర్చోబట్టే. ఇంట్లో పదిమంది చుట్టూ చేరి ఓదారిస్తే తగ్గనిది అక్కడ తగ్గింది.

లంకలో దిగగానే అందరిదీ ఒకటే మాట. కొత్త దోనె తయారవుతోందటగా, ఇంక నువ్వు విశ్రాంతి తీసుకోవచ్చుగా అని. విశ్రాంతి అంటే ఏమిటో నాకు తెలుసు. దోనె పనికిరాకుండా పోయిన వాళ్ళను మీరు స్టేషనులో బల్ల ముందు కూర్చోబెడతారు. పొట్లాలు ఏ లంకవి ఆ లంకకు సర్దుకుంటూ, కిటికీలోంచి నీళ్ళు చూసుకుంటూ ఉండాలి. గంటయ్య బాబాయి అలాగే కూర్చున్నాడు. రెండు వానాకాలాలు కూడా బతకలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అడుగున చెమ్మ ఊరింది. ఒక చేత్తో తోడుకుంటూ వచ్చాను. ఎడమకు ఒరుగుడు ఎక్కువైంది, కూజాతో పాటు కూరల సంచి కూడా కుడివైపుకు జరిపాను. ఈ దోనె ఇంకో వానాకాలం ఆగదు. ఆ తాడి నాకు కావాలి. నాకు కాకపోతే నా నీళ్ళు నాకు లేనట్టే.

గట్టు చేరాక మావతో ఆ మాట అందామనుకున్నాను. అనలేదు. మాలో ఒక కట్టుబాటు ఉంది. దోనె చేసేవాడు నీకు చేస్తానని తనంతట తాను అనకూడదు, అంటే దోనెకు అరిష్టమని నమ్మకం. ఎక్కేవాళ్ళే వచ్చి నోరు తెరిచి అడగాలి. కెజియా వచ్చిన నెలకే అడిగిందట. నేను అడగలేదు. మేనమామను అడగాలా? నా మొహం చూస్తే తెలియదా?

శుద్ధ అష్టమి

పోటు బలహీనంగా ఉండే రోజు కాబట్టి ఇవాళ దోనెకు బరువు నేర్పడం మొదలుపెట్టారు.

ఆఫీసులో కొత్తవాళ్ళు చేరారని విన్నాను, వాళ్ళ కోసం చెబుతున్నాను. కాగిన నీళ్ళతో మెత్తబడ్డ చెక్క గట్టిపడేలోగా ఎక్కే మనిషి బరువు దానికి తెలియాలి. మనిషి రోజుల తరబడి మోకరించి ఉండలేదు గనక మనిషికి బదులు రాళ్ళు. ఈ బురద నేలలో రాళ్ళెక్కడివి? మునిగిన పట్టాల కింద కంకర ఉంది, అది తవ్వి తెచ్చుకుంటాం. మనిషిని ఊగుడుబల్ల మీద ఒక కొసన మోకరించమని, రెండో కొసన వల సంచుల్లో కంకర వేస్తారు. కుడి మోకాలికి ఒక సంచి, ఎడమ మోకాలికి ఒకటి, నడుముకు ఒకటి. ఎవరి సంచులకు వాళ్ళ రంగు తాడు కట్టి షెడ్డు దూలానికి వేలాడదీస్తారు. ఏటా తొలకరికి మళ్ళీ తూచి రాళ్ళు సరిచేస్తారు. మనిషి పోయిన రోజునే ఆ సంచులు కిందికి దిగుతాయి. బంధువులు దోనెలో తీసుకెళ్ళి నీళ్ళలో వదులుతారు.

నావి ఎర్రతాడు సంచులు. కెజియావి నీలం తాడు.

దోనెను షెడ్డు వెనక లోతులేని నీళ్ళలో ముంచారు. మావ నీలం తాడు సంచులను లోపల పెట్టాడు, కుడి ఎడమలు చూసి చూసి సర్దాడు. పౌర్ణమి పోటుకు దోనె దానంతట అదే పైకి లేస్తే చదువు అయిపోయినట్టు. అప్పుడు అందరి ముందూ కెజియా ఎక్కి కూర్చుంటుంది. తిన్నగా నిలబడితే దోనె ఆమెను ఒప్పుకున్నట్టు. ఒరిగితే, ఎవరికి తిన్నగా నిలబడుతుందో వాళ్ళది.

ఈ ఆఖరి మాట నేను ఇవాళంతా మనసులో తిప్పుకుంటూనే ఉన్నాను.

శుద్ధ నవమి

పౌర్ణమి వెళ్ళాక గానీ ఈ పుస్తకం మీ చేతికి రాదు. అప్పటికి అన్నీ తేలిపోతాయి. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మధ్యాహ్నం ఉప్పు అమ్మే తెప్ప వచ్చిందని గట్టు మీద అందరూ అటు పోయారు. షెడ్డులో ఎవరూ లేరు. నా ఎర్రతాడు సంచులు దించాను. తాళ్ళు విప్పి నీలం తాళ్ళు కట్టాను. దోనెలో ఉన్న కెజియా సంచులు తీసి నావి పెట్టాను. ఆ పిల్ల సంచులకు ఎర్రతాడు కట్టి దూలానికి వేలాడదీశాను. అన్నం వండుకునేంత సేపు కూడా పట్టలేదు.

ఒక్కటి మాత్రం వింతగా అనిపించింది. నా ఎడమ మోకాలి సంచి బరువుగా ఉంది, కుడిది బాగా తేలిక. రెండూ సమంగా ఉండాలి కదా. మావకు పెద్దతనం వచ్చింది, తూకంలో తప్పుతున్నాడనుకున్నాను.

ఇది దొంగతనం కాదని నాకు నేను చెప్పుకుంటున్నాను. దోనెకు ఏమీ కాదు, ఆ పిల్లకూ ఏమీ కాదు. మోకాళ్ళ లోతు నీళ్ళలో అందరి ముందూ ఎక్కుతుంది, అది ఒరుగుతుంది, దిగిపోతుంది. అంతే. కాస్త సిగ్గుపడుతుంది. వాంతి చేసుకున్న రోజు కంటే ఎక్కువేమీ కాదు.

శుద్ధ ద్వాదశి

గాలి తూర్పుకు తిరిగేలా ఉంది. నా దోనె అడుగు పగులు మళ్ళీ తెరుచుకుంది.

పొద్దున్నే కెజియా నా గుడిసెకు వచ్చింది. చేతిలో గిన్నె. కొర్రమీను పులుసు. దిమ్మల పట్నంలో ఎవరు నేర్పారో గానీ బాగా పెట్టింది, ఆ మాట కూడా ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. పౌర్ణమినాడు తాను ఎక్కేటప్పుడు దోనె అంచు పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలట. మామూలుగా తల్లిగానీ అక్కగానీ పట్టుకుంటారు. "నాకిక్కడ ఎవరూ లేరు. మీరే పట్టుకోవాలి అక్కా. అసలు నేను పట్నం వదిలి వచ్చిందే మిమ్మల్ని చూసి. ఉప్పుటేరులో మీరొక్కరే వస్తుంటే మా దిమ్మల మీద నుంచి చూశాను. ఆ రోజే అనుకున్నా" అంది.

ఏమని చెప్పాలి? సరే అన్నాను. ఆ పిల్ల వెళ్ళాక పులుసు తిన్నాను. తింటున్నంతసేపూ ఆ పిల్ల మీద కోపమే వచ్చింది. మంచిగా ఉండకుండా ఉంటే దీని సొమ్మేం పోయింది?

సాయంత్రం షెడ్డు వైపు వెళ్ళాను. రాళ్ళు మళ్ళీ మార్చేద్దామనే వెళ్ళాను. నీళ్ళలో చెయ్యి పెట్టి చెక్క నొక్కి చూశాను. గట్టిపడిపోయింది. ఇంక ఏ రాళ్ళు పెట్టినా దానికి ఎక్కదు.

శుద్ధ చతుర్దశి

తడి బట్టలతోనే రాస్తున్నాను, సిరా చెదిరితే ఏమీ అనుకోకండి.

పొద్దున రేడియోలో గూడబాతుల లంక వాళ్ళు పిలిచారు. ఒకావిడను రక్తపింజర కరిచింది. మందు కావాలి. గాలి లేచేలా ఉందని మందులు మోసే ఎగిరే యంత్రాలన్నీ కట్టేసి ఉన్నాయి. ఆ దారి నాది, నేనే వెళ్ళాలి. మావ నా వైపు చూశాడు. నా దోనె అడుగు పగిలిందని చెప్పాను. నిజమే, పగిలింది. కానీ గుగ్గిలం పోసుకుని పోదామంటే పోవచ్చు. ఇంతకంటే అన్యాయంగా ఉన్నప్పుడు కూడా పోయాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కొత్త రాణి ఉందిగా, ఆవిణ్ణే వెళ్ళమనండి అన్నాను. పదిమందిలో అన్నాను.

కెజియా దాన్ని ఎత్తిపొడుపు అనుకోలేదు. వెళ్తానంది. పౌర్ణమి ముందురోజే నీళ్ళు బాగా పెరిగాయి, దోనె దాదాపు తేలింది. మావ ఒక్క క్షణం ఆలోచించి సంచులు తీసి గట్టు మీద పెట్టాడు. మనిషి ప్రాణం ముందు పరీక్ష ఏముంది అన్నాడు. లోతులేని చోట దోనె ఒరగడం ఎవరికీ కనబడలేదు, అడుగు ఇంకా బురదలోనే ఆనుకుని ఉంది. కెజియా గెడతో తోసుకుంటూ గడ్డిలోకి వెళ్ళిపోయింది. నేను చూస్తూ నిలబడ్డాను. నోరు పెగల్లేదు. కాదు, పెగలనివ్వలేదు. ఎంతలోకి పోతుంది, ఒరుగుతోందని తెలిసి వెనక్కి వస్తుందిలే అనుకున్నాను.

రాలేదు. కాసేపటికి తూర్పుగాలి లేచింది. షెడ్డు తాటాకులు పైకి లేస్తుంటే మావ నిమ్మళంగా చుట్ట వెలిగించుకున్నాడు. "ఈ గాలికి ఇంకో దోనైతే బయపడేవోణ్ణి. దానికి బరువు బాగా కూచుందిలే, ఏం కాదు" అన్నాడు.

ఆ కూచున్న బరువు నాది. ఆ పిల్ల వెళ్ళేది దక్షిణానికి. గాలి ఎడమ నుంచి కొడుతుంది. నా రాళ్ళలో బరువంతా ఎడమవైపు. అటే చెక్క కిందికి దిగి ఉంటుంది, సమంగా కూర్చునే మనిషి ఎక్కితే కుడికి ఒరుగుతుంది. గాలి కూడా కుడికే తోస్తుంది.

నా పాత దోనెను నీళ్ళలోకి లాగాను. పగులులో గుడ్డ కుక్కాను. కూజా కుడివైపు పెట్టుకుని తెడ్డు అందుకున్నాను. మావ ఎక్కడికని అరిచాడు. అప్పటికే గట్టు విడిచేశాను.

రైలుకట్ట దాటాక, నేను తెడ్డు ఆపి ఊరికే కూర్చునే ఆ చోటే కనబడింది. దోనె కుడి అంచు నీళ్ళను తాకుతోంది. లోపల సగం నీళ్ళు. ఆ బరువుకు జానెడు దాటి దిగిపోయింది, వెనక కొసను గడ్డి అప్పటికే రెండు చుట్లు చుట్టేసింది. కెజియా ఎడమ అంచు మీదికి వాలిపోయి, రేకు డబ్బాతో నీళ్ళు తోడుతోంది. మందుపెట్టె మెడకు కట్టుకుంది. నన్ను చూడగానే ఏడ్చింది.

"నా వల్ల కాలేదక్కా. దోనె మంచిదే. పెద్దిరాజు తాత ఎంతో కష్టపడి చేశాడు. నాకే కూర్చోవడం రాలేదు. గదిలో నేర్చుకున్నదాన్ని కదా, మీరన్నది నిజమే."

నేను ఆ మాట దాని ముందు ఎప్పుడూ అనలేదు. వెనకాల అన్నాను. అయినా దాని దాకా చేరింది.

రెండు దోనెలూ పక్కపక్కకు చేర్చి అంచులు పట్టుకున్నాను. "నీకు రాకపోవడం కాదు. రాళ్ళు మార్చింది నేను. దాంట్లో ఉన్నది నా బరువు. ముందు ఇటు ఎక్కు" అన్నాను.

నా మొహంలోకి చూసింది. పెట్టె నాకు అందించి, నా దోనెలోకి పాకింది. నేను దాని దోనెలోకి దిగి మోకరించాను.

ఏం చెప్పను? నడుము కింది దాకా నీళ్ళలో ఉన్నా సరే, ఆ చెక్క నన్ను గుర్తుపట్టింది. ఎడమ మోకాలికి చోటు లోతుగా, కుడి మోకాలికి పైకి. నొప్పి ఉన్న కాలు మీద బరువే పడలేదు. కుడి అంచు నీళ్ళలోంచి పైకి లేచింది. గబగబా నీళ్ళు తోడాను. తోడేకొద్దీ దోనె తేలింది, తేలేకొద్దీ గడ్డి ఒక్కో చుట్టూ విప్పుకుని వదిలేసింది. ఇంత హాయిగా నేను ఏ దోనెలోనూ కూర్చోలేదు. ఆ సంతోషానికి సిగ్గు కూడా అడ్డం రాలేదు. ఆ సంగతి దాచను.

తర్వాత తల తిప్పి కెజియాకు చెప్పాను. ఆ దోనె ముసలిది, ఎడమకు ఒరుగుతుంది, కూజా కుడివైపునే ఉంచుకో అని.

కెజియా కూర్చున్న దోనె కుడికి ఒరిగి ఉంది. ఆ పిల్ల కూజా ఎత్తి మధ్యలో పెట్టుకుంది. దోనె తిన్నగా నిలబడింది.

ఆ గాలిలో, ఆ అలల్లో, గీత గీసినట్టు నిలబడింది. ఆ దోనె బరువు నేర్చుకున్నప్పుడు నాకు ముప్పై. అప్పుడు మోకాలు బాగుండేది, ఒళ్ళు తేలిక. దోనె ఎప్పుడూ ఒరగలేదు. ఒరిగింది నేను. మావ ఏటా తొలకరికి కుడి సంచిలోంచి ఒక రాయి తీసి ఎడమ సంచిలో వేస్తూ వచ్చాడు. ఒక్కసారి కూడా ఆ మాట నా మొహాన అనలేదు.

గట్టుకు వెళ్ళమంటే కెజియా వినలేదు. ఇద్దరం లంకకు వెళ్ళాం. నేను ముందు, అది వెనక. జీవితంలో ఎక్కిన దోనెలన్నిటిలోకీ మంచి దోనె మీద ఉన్నాను, అయినా దారంతా వెనక్కే చూస్తూ వెళ్ళాను. ఆ పిల్ల తెడ్డు వేస్తుంటే నా దోనె పరుగెత్తింది. నా కింద ఉన్నప్పుడు మూలిగేది. కడుపు మండిపోయింది.

మందు వేళకు అందింది. పాము కరిచినావిడ మాట్లాడుతోంది.

పౌర్ణమి

మీ గడులన్నీ ఈ రోజుకు ఖాళీ. దారికి పోలేదు.

గట్టు మీద అందరూ చేరారు. అడగకముందే చెప్పేశాను. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికపడేదాన్ని. కట్టుబాటు ప్రకారం కొత్త దోనె నాదేనన్నారు, అది నా బరువే నేర్చుకుంది గనక. గట్టు పెద్దల్లో ఆ మాట చెప్పినాయన నా వైపు చూడకుండా చెప్పాడు. కెజియా వానాకాలమంతా చేతులు బొబ్బలెక్కేలా చెక్కుకున్న దోనె అది. నాది అయింది.

పెద్దిరాజు మావ షెడ్డులోకి వెళ్ళాడు. నిన్న దోనెలోంచి తీసిన సంచులను తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టాడు. నీలం తాళ్ళు విప్పి, కెజియా సంచులకు కట్టేందుకు భుజాన వేసుకున్నాడు.

"ఇయ్యి నీయే. తీసుకెళ్ళు" అన్నాడు.

మనిషి పోతే తప్ప రాళ్ళు షెడ్డు దాటవని మీకు ముందే రాశాను.

నేను కదల్లేదు. అప్పుడు కెజియా నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు తిడుతుందనుకున్నాను. ఆ పిల్ల మొహం గట్టిగానే ఉంది, గొంతు కూడా గట్టిగానే ఉంది. "మీ మీద నాకు కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో తెలీదు. కానీ మీ పాత దోనె నాకు కావాలి. ఇస్తారా?" అంది.

మళ్ళీ అడిగింది. నోరు తెరిచి, అందరి ముందూ, నా మొహంలోకి చూసి. దాని దోనె కంటే దాని వయసు కంటే ఆ అడగడం చూస్తేనే నాకు ఎక్కువ కుళ్ళు పుట్టింది. ఇస్తానన్నాను.

బహుళ తదియ

గూడబాతుల లంక దారి ఇప్పుడు ఇద్దరిదీ, రోజు మార్చి రోజు. ఇవాళ కెజియా వంతు. నేను ఇంట్లో ఉన్నాను. మూడు సంచులూ గుమ్మం పక్కన ఉన్నాయి. వస్తూ పోతూ కాలికి తగులుతున్నాయి.

పొద్దెక్కాక వాటిని ఒక్కొక్కటిగా భుజాన వేసుకుని షెడ్డుకు చేర్చాను. మావ ఎవరిదో తెడ్డు నున్నగా చిత్రిక పడుతున్నాడు. తల ఎత్తలేదు. ఆఖరి సంచి కూడా ఊగుడుబల్ల పక్కన దించాను. నా మొహం చూస్తే తెలియదా అని మళ్ళీ అనిపించింది. చూడందే ఎలా తెలుస్తుంది?

"మావా, నా రాళ్ళు మళ్ళీ కట్టవా?" అన్నాను.

చిత్రిక ఆగింది.

"ఇన్నేళ్ళకి అడిగావు. ఆ తాడి సంగతి కూడా ఇట్టాగే అడిగుంటే ఇచ్చేవోణ్ణి కాదటే? నువ్వు అడుగుతావని రెండేళ్ళు దాని మొదట్లో గొడ్డలి పెట్టలేదు నేను."

ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. లేచి ఊగుడుబల్ల మీద దుమ్ము తుడిచి, ఎక్కమన్నట్టు చెయ్యి చూపించాడు. మోకరించాను. ఒక్కో సంచీ వేలాడదీసి చూసుకుని, కుడి సంచిలోంచి ఒక రాయి తీసి ఎడమ దాంట్లో వేశాడు. ఈసారి నేను చూస్తుండగా వేశాడు. ఎర్రతాడు కట్టాడు. దూలానికి నీలం తాడు పక్కనే ఖాళీ ఉంది, అక్కడ కట్టాడు.

గట్టు మీదికి వచ్చేసరికి దూరంగా కెజియా తిరిగి వస్తోంది. గాలి లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నా పాత దోనె తిన్నగా, తేలిగ్గా, గడ్డిని విడదీసుకుంటూ వచ్చింది. కూజా మధ్యలోనే ఉంది.

ఒంటి సంగతి: జ్వరం లేదు. మోకాలు కొంచెం నయం, కొత్త దోనె పుణ్యం. కుళ్ళు తగ్గలేదు. రేపు నా వంతు, కొత్త దోనె మీదే వెళ్తాను. తిరిగి వచ్చాక, పాత దోనెను ఒక్కసారి కొట్టి వినవచ్చా అని కెజియాను అడగాలి. ఆ చప్పుడు ఎలా ఉంటుందో నాకింకా తెలియదు.